జేబులో పట్టే సాకు

పొద్దున్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు సైరన్ కూసే వేళకి కేబుల్ గ్యాంగు పూరీ గేట్ దగ్గర టీకొట్టు ముందు పోగవుతుంది. పర్మనెంటు వాళ్ళు సైకిళ్ళ మీద, బైకుల మీద లోపలికి పోతారు. కాంట్రాక్టు వాళ్ళు మట్టి ముంతల్లో టీ తాగి, కాయితప్పొట్లంలో ముడీ, అదే మరమరాలు, నమిలి, పారలు భుజాన వేసుకుని పట్టాల వెంట నడుస్తారు. ఎండ ఒకటే, పని ఒకటే, బండి వస్తే పక్కకి దూకే భయం ఒకటే. జీతాలు మాత్రం రెండు రకాలు. ఎవరూ దీన్ని వింతనుకోరు. ఈ ఊళ్ళో అన్నిటికన్నా పర్మనెంటు ఉద్యోగం అలవాటైపోయిన అన్యాయానిదే.

ఆ రోజు ఇందు టీ ముట్టలేదు. ముంత చేతిలో పట్టుకుని బల్ల చుట్టూ తిరుగుతోంది.

"కూకో తల్లీ. నువ్వలా తిరగతా ఉంటే నా ముంతలో టీ కూడా తిరగతంది," అన్నాడు గిరిబాబు. గ్యాంగులో అందరికన్నా పెద్దవాడు. కేబుల్ కాలువ తవ్వడంలో అతని తర్వాతే ఎవరైనా.

"మద్దేనం విచారణకి వస్తన్నావా లేదా, అది సెప్పు బాబాయ్."

గిరిబాబు జేబులోంచి మడత చాకు తీసి తెరిచాడు. బ్లేడు బయటికి రాగానే అతని నోరు దానంతటదే అంది, "నడుం పట్టేసింది."

"అయ్యో," అంది ఇందు. ఆమెకి నిజంగానే జాలేసింది. టీకొట్టువాడు కూడా నాలుక చప్పరించాడు. అది గిరిబాబు చాకు చెప్పే మాటేనని, ఏళ్ళ తరబడి అదే చెబుతోందని అందరికీ తెలుసు. తెలిసినా నమ్మకం పోదు. చాకు మాట విన్న చెవి దాన్ని ఇక వదలదు. గిరిబాబు ఆ చాకుతోనే జామకాయ కోసి, ఒక ముక్క ఇందుకి ఇచ్చి, మిగతాది తిన్నాడు.

ఇదంతా ఒక అక్షరం తెచ్చిపెట్టిన గొడవ. రైలు పట్టాలతో పాటే ఇక్కడికి వచ్చిన శ్రీకాకుళం, విజయనగరం మనుషుల నోట్లో చ నిలవదు, స అయిపోతుంది. చెయ్యి సెయ్యి అవుతుంది, చీర సీర అవుతుంది, చాకు సాకు అవుతుంది. గోల్ బజార్లో చాకులమ్మే తాతారావు వాళ్ళది గోదావరి వైపు. ఆ ఇంట్లో చ కరుగ్గా, కొత్త నాణెంలా మోగుతుంది. ఫిట్టర్లూ ఖలాసీలూ కొట్టుకొచ్చి "సాకు కావాల" అన్నప్పుడల్లా తాతారావు తండ్రి నవ్వేవాడట. "సాకులు మీ దగ్గరే బోలెడున్నాయి కదయ్యా, మళ్ళీ కొనడం దేనికి" అనేవాడట. వాళ్ళు అడుగుతూ పోయారు, ఆయన నవ్వుతూ పోయాడు. రెండు తరాలు అలా వినీ వినీ ఆ కొట్లో చాకులు తమ పేరు సాకే అనుకున్నాయి. ఒక్కొక్కటి ఒక్కో సాకు నేర్చుకుని కడుపులో పెట్టుకుంది. ఇప్పుడు ఊళ్ళో చాకు కొనడమంటే బ్లేడు పదును చూసుకోవడం ఒక్కటే కాదు, రోజూ ఏ మాట మోసుకు తిరగాలో కూడా చూసుకోవాలి.

ఇందు పాత చాకు కొన ముందు రోజే విరిగింది. కేబుల్ మీద నల్లటి తొడుగు ఒలవడం ఆమె పని. ఐటీఐ చదివి, ఆ గ్యాంగులో ఒక్కతే ఆడపిల్లగా చేరినప్పుడు, పాత పనివాడు రత్నం నేర్పిన పని. లోపలి రాగితీగకి గాటు పడకుండా తొడుగు మాత్రమే చీరాలి. దానికి కంపెనీ పనిముట్టు ఇవ్వదు. పనిముట్టు లేదని పంపించేయడం మాత్రం కంపెనీకి తెలుసు.

ఆ పొద్దున్న పని దగ్గర సూపర్‌వైజర్ ప్రదీప్ బైకు దిగి, ఆమె విరిగిన చాకు వైపు చూశాడు. మూత్రానికి వెళ్ళినా గడియారం చూసే మనిషి, ఆ రోజు చల్లగా నవ్వాడు.

"ఏటి ఇందూ, సాకు ఇరిగిపోయిందా?"

"ఇరిగింది సార్."

"అయితే మద్దేనం నీకు సెలవు. గోల్ బజారెల్లి తీరిగ్గా కొత్తది సూసుకో. బాగా ఏరుకో. సాయంత్రం దాకా రాకపోయినా నానేటీ అనను."

"విచారణ ఉంది గదా సార్."

"అందుకే సెప్తన్నాను," అన్నాడు ప్రదీప్. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

విచారణ రత్నం చెయ్యి గురించి. యార్డు చివర పాత కేబుల్ కోసేటప్పుడు అందులో కరెంటుంది. మెరుపొచ్చి జ్ఞానరత్నం కుడిచెయ్యి మణికట్టు దాకా కాలిపోయింది. అడక్కుండా కోశాడు, తప్పు అతనిదే అని కంపెనీ రాసిచ్చింది. అలా అని తేలితే వైద్యమూ లేదు, పనీ లేదు. ఆ కేబుల్ పక్కన కూర్చుని ఉన్నది ఇందు. "లైను సచ్చిపోయింది, కొయ్" అని ప్రదీప్ అనడం ఆమె రెండు చెవులా వింది. ఆ మాట విన్నది ఆమె, రత్నం, ఇద్దరే. రత్నం మాట ఎవరూ రాసుకోరు, కాలినవాడు అలాగే చెప్తాడంటారు.

ఆమె వెళ్ళి చెబితే రత్నం నిలబడతాడు. ఆమె గేటు పాసు, దాంతో పాటే పని, పోతుంది. ఇంట్లో జీతం తెచ్చేది ఆమె ఒక్కతే.

మధ్యాహ్నం సైకిల్ తొక్కుకుంటూ గోల్ బజార్ వైపు పోతుంటే ఆమెకి ప్రతి గోడా అరుస్తున్నట్టుంది. కార్మిక ఐక్యత, అంతిమ విజయం, పిడికిలి బొమ్మ, వానకి కారిపోయిన ఎరుపు. ఇన్ని గోడలు ఇన్నేళ్ళుగా ఇంత గట్టిగా అరుస్తుంటే గ్యాంగులో ఒక్కడికీ నడుం నొప్పి తగ్గలేదేం అనుకుంది. ఒక టోటో రిక్షాకి దారివ్వకుండా అడ్డంగా పోయి తిట్లు తింది. ఆ తిట్టుకి జవాబుగా ఇంకో తిట్టు బెంగాలీలో తిట్టింది. అయినా మనసు కుదుటపడలేదు.

కొట్లో తాతారావు లేడు, భార్య కన్యకాంబ ఉంది.

"ఏం కావాలమ్మా?"

"సాకు. మడతది."

"చాకు," అంది కన్యకాంబ, అలవాటుగా. "ఎందుకు?"

"రోజూ జేబులో ఉండాల. తేలిగ్గా ఉండాల, మా కుర్తా జేబులు బరువుకి సిరిగిపోతాయి. ఒక సేత్తో తెరుసుకోవాల, రెండో సేత్తో కేబుల్ పట్టుకుంటాను. తెరిసినాక ఏళ్ళ మీదకి మూసుకుపోకూడదు. వానకి తుప్పట్టకూడదు. మరీ పొడుగుంటే పోలీసులు ఆపుతారు. సవగ్గా ఉండాల."

"పెళ్ళికొడుక్కి కూడా ఇన్ని అడగరే," అంటూ కన్యకాంబ గల్లాపెట్టె పక్కన సీసాలోంచి దూది తీసి రెండు చెవుల్లో కుక్కుకుంది. చాకులు చూపించే ముందు ఆ కొట్లో ఎవరైనా అదే చేస్తారు. లేకపోతే వచ్చినవాళ్ళ బాధలన్నీ నమ్ముకుంటూ కూచోవాలి, బేరం సాగదు.

అద్దాల పెట్టె మీద ఎర్రగుడ్డ పరిచి చాకులు వరసగా పెట్టింది. ఇందు కర్రపిడి చాకు తీసి తెరిచింది.

"బండి లేటు," అంది ఆమె నోరు.

"అది ఊరందరి దగ్గరా ఉంది," అంది కన్యకాంబ, పెదాలు చూసి గ్రహించి. "చవకే. కాకపోతే అది ఇనుము, నిమ్మకాయ కోస్తే నల్లబడుతుంది."

ఎర్ర ప్లాస్టిక్ పిడి చాకు తేలిగ్గానే ఉంది. తెరిస్తే, "మా అత్తకి ఒంట్లో బాగోలేదు."

"నాకు అత్త లేదు!"

"వస్తుంది, ఉంచుకో."

ఇందు దాన్ని కింద పెట్టింది. నీలం పిడిది "సిగ్నల్ లేదు" అంది. బ్లేడు వదులుగా ఊగుతోంది, లాక్ లేదు. నల్లటిది, కొమ్ముపిడి, బరువుగా ఉంది. తెరిస్తే ఆమె గొంతే మారిపోయింది, "పైనించి ఆర్డరు."

"అది నీకొద్దు," అంది కన్యకాంబ దాన్ని వెనక్కి లాక్కుంటూ. "అది ఆఫీసర్లు కొనేది. ధర కూడా అలాగే ఉంటుంది."

"అవును మరి. పెద్దోల్ల సాకులకి పదునెక్కువ," అంది ఇందు. ఆమె మడమ నేల మీద టకటకా కొట్టుకుంటోంది. "అమ్మగారూ, ఏటీ సెప్పనిది లేదా? ఉత్త సాకు. కోస్తే కోసేది, మూస్తే మూసుకునేది."

కన్యకాంబ ఒక చెవిలో దూది తీసి విని, మళ్ళీ పెట్టుకుంది. "మీవాళ్ళు అడిగిందే తయారవుతుందమ్మా. ఉత్తది ఎవరూ అడగలేదు."

ఫోను మోగింది. అమ్మ.

"ఇందూ, ప్రదీప్ సారు ఇంటికొచ్చినాడు. మంచిగానే మాటాడినాడు, టీ కూడా తాగినాడు. నువ్వు బజార్లోనే ఉండాలంట."

"బజార్లోనే ఉన్నానమ్మా."

"రత్నం మనోడే, నాను కాదన్ను. మీ నాన్న పోయినప్పుడు పాడె మోసినోడు. గాని నీ పాసు పోతే మనింట్లో ఏటుంటాది సెప్పు."

"ఏటీ ఉండదు."

"మరి?"

ఇందు ఫోను పెట్టేసింది. పక్క కొట్లో ఎవరో చేపల గాలాలు బేరమాడుతున్నారు. ఎండ గుడ్డ అంచు దాకా వచ్చింది. విచారణ మొదలయ్యే వేళ దగ్గర పడుతోంది. ఇంకా ఒక్క చాకు మిగిలింది. సన్నటిది, అల్యూమినియం పిడి, ఎండుటాకులా ఉంది చేతిలో. బొటనవేలితో నెడితే తెరుచుకుంది. టక్కుమని లాక్ పడింది. తుప్పుపట్టని బ్లేడు, ఆమె చూపుడువేలంత.

"నానక్కడ లేను," అంది ఆమె నోరు.

ఇందు చాకుని వేళ్ళ మధ్య తిప్పి చూసింది. ఆమె అడిగినవన్నీ అందులో ఉన్నాయి. ప్రదీప్ అడిగింది కూడా.

"అన్నిటికన్నా తేలిక అదే," అంది కన్యకాంబ. "ఎక్కువ పోయేదీ అదే."

ఇందుకి ఒళ్ళు మండింది. ఊళ్ళో ఏ చెయ్యి కాలినా, ఏ కాలు పట్టాల కింద పడినా, అక్కడ ఎవరూ ఉండరు. ఊరంతా ఉంటారు, అక్కడ మాత్రం ఉండరు. ఈ చాకు కొన్నవాళ్ళందరినీ వరసగా నిలబెట్టి అడగాలనిపించింది. మరి ఎక్కడున్నార్రా మీరు అని. అంతలో ఆ కోపం లోంచే ఇంకో ఆలోచన పుట్టింది. సాకు ఎప్పుడూ పనికి ముందే ఎందుకు చెప్పాలి?

ఇందు కన్యకాంబ మోచెయ్యి తట్టి దూది తీయించింది.

"పని సేసొచ్చినాక కూడా సెప్పొచ్చా దీన్ని?"

"ఎప్పుడు తెరుస్తావన్నది నీ ఇష్టం. విన్నవాళ్ళు నమ్ముతారు. ఒక్కసారి నమ్మాక నువ్వే వెళ్ళి కాళ్ళు పట్టుకున్నా మారరు. అది మాత్రం చూసుకో."

"మా సారు మారకపోతేనే నాకు మంచిది," అంది ఇందు.

చాకు మూసి జేబులో వేసుకుంది. బేరమాడడం కూడా మర్చిపోయింది. సైకిల్‌ని ఎక్కే ముందే పరిగెత్తించింది.

విచారణ గది బయట వరండాలో ఒక బల్ల, బల్ల మీద రేకు పళ్ళెం ఉంటాయి. లోపలికెళ్ళేవాళ్ళు జేబులో చాకులు అందులో పెట్టి వెళ్ళాలి. ఎప్పటినించో ఉన్న నియమం, లేకపోతే ఏ విచారణా తెమలదు. పళ్ళెంలో ప్రదీప్ చాకు అప్పటికే ఉంది. ఇందు తనది దాని పక్కన పెట్టి తలుపు తోసింది.

ప్రదీప్ ఆమెని చూసి సగం లేచి, మళ్ళీ కూర్చున్నాడు. రత్నం గోడవార బల్ల మీద ఉన్నాడు. కట్టు కట్టిన చెయ్యిని పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకున్నాడు. బెంగాలీ ఆఫీసరు కళ్ళద్దాలు పైకి నెట్టి హిందీలో అడిగాడు.

"నువ్వు అక్కడ ఉన్నావా?"

"ఉన్నాను సార్. పక్కనే."

"ఏం విన్నావు?"

"లైను సచ్చిపోయింది, కొయ్ అన్నాడు ప్రదీప్ సారు. రత్నమన్న రెండుసార్లు అడిగినాడు, నిజంగా సచ్చిపోయిందా అని. నామీద నమ్మకం లేదా అన్నాడు సారు. అప్పుడు కోసినాడు." హిందీలో మొదలుపెట్టింది, మధ్యలో తెలుగైపోయింది. ఆఫీసరు చెయ్యెత్తి ఆపి, మళ్ళీ హిందీలో చెప్పించుకున్నాడు. రెండోసారి ఆమె ఒక్క మాటా వదలకుండా చెప్పింది.

ఆమె సంతకం చేసింది. లేచేటప్పుడు రత్నం ఎడమచేత్తో కళ్ళు తుడుచుకోవడం కనిపించింది. "నా తల్లే," అన్నాడు, గదిలో ఎవరున్నారో చూడకుండా. పని నేర్చుకునే రోజుల్లో తొడుగు సరిగ్గా చీరినప్పుడల్లా అతను అనే మాట అది.

రత్నాన్ని వేలిముద్రకి ఆగమన్నారు. మిగతావాళ్ళని పొమ్మన్నారు.

వరండాలో ప్రదీప్ ఆమె కన్నా ముందు పళ్ళెం దగ్గరున్నాడు. నవ్వు లేదు.

"రేపట్నించి నీ పాసు లేదు. ఈ కంపెనీలోనే కాదు, ఖరగ్‌పూర్లో ఏ కంట్రాక్టరూ నీకు పార ఇవ్వకుండా సేస్తాను. ఏటనుకున్నావు? నా కల్లెదురుగా కూకుని నా మీద సెప్తావా?"

ఇందు తలుపు సందులోంచి లోపలికి చూసింది. రత్నం బల్ల మీదికి వంగి ఉన్నాడు, గుమాస్తా అతని ఎడమ బొటనవేలికి సిరా పూస్తున్నాడు. ఆమె పళ్ళెంలోంచి చాకు తీసి, ప్రదీప్ మొహం ముందు తెరిచింది. టక్కుమంది.

"నానక్కడ లేను."

ప్రదీప్ మొహంలో కోపం వదులైంది. దేనికొచ్చాడో మర్చిపోయిన మనిషిలా ఆమెని చూశాడు.

"అవున్లే, నానే గదా నిన్ను బజారుకి పంపినాను. దొరికిందా?"

"దొరికింది సార్."

"మంచిది. మరి లోపల సెప్పిందెవర్రా... ఎవరో సెప్పినారు..." నుదురు రుద్దుకుంటూ మెట్లు దిగాడు. ఆ వారమంతా గ్యాంగులో ఒక్కొక్కరినీ పట్టుకుని అడిగాడు. ఒకడి నడుం పట్టేసింది, ఒకడి అత్తకి బాగోలేదు, ఒకడికి ఆ రోజు బండి లేటు. అందరినీ నమ్మాల్సి వచ్చింది. పిరికితనం కోసం కొన్నవే అయినా, ఆ వారం అవి ఒక్కొక్కరికీ డాలుగా నిలబడ్డాయి.

కానీ అది తర్వాత సంగతి. ఆ క్షణాన ప్రదీప్ బైకు మలుపు తిరిగేదాకా చూసి, ఇందు ఇన్నాళ్ళలో మొదటిసారి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. నవ్వొచ్చింది. చెప్పాలి, రత్నమన్నకి చెప్పాలి అనుకుంటూ వెనక్కి తిరిగింది.

రత్నం గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. సిరా బొటనవేలు గాల్లోకి పట్టుకుని ఆరబెట్టుకుంటున్నాడు. ఎంతసేపటినించి ఉన్నాడో తెలియదు. లోపల ఆమెని చూసినప్పటి వెలుగు మొహం మీద ఇంకా కొద్దిగా ఉంది. కానీ అది ఎవరిని చూసి వచ్చిందో గుర్తు రానట్టుగా ఉంది.

"ఇందూ, నువ్వొచ్చినావా? ఎప్పుడొచ్చినావు?"

"రత్నమన్నా..."

"అయిపోయిందమ్మా. ఎవరో అమ్మాయి సెప్పింది, సక్కగా సెప్పింది. ముకమే గుర్తు రాడం లేదు సూడు."

"నానే అన్నా. లోపల సెప్పింది నానే."

రత్నం నొచ్చుకోలేదు. అబద్ధమాడిన పిల్లని ముద్దుగా చూసినట్టు చూశాడు. "నువ్వక్కడ లేవు గదమ్మా. పోన్లే, అందుకు బాధపడకు. నీ ఇల్లు నువ్వు సూసుకోవాల. నా కోసం అలా సెప్పుకోనక్కర్లేదు."

"నీ ఎదురుగానే కూకున్నాను. నా తల్లే అన్నావు నన్ను."

"నిన్నెప్పుడూ అంటాను గదా," అన్నాడు రత్నం. కాలని చేత్తో ఆమె తల మీద తట్టబోయాడు. సిరా అంటుతుందని మధ్యలోనే ఆపేశాడు.

తర్వాత కూడా ఆమె చెప్పి చూసింది. వాళ్ళింటికెళ్ళి చెప్పింది, ఆస్పత్రిలో కట్టు మార్చేచోట చెప్పింది. ఒకసారి అరిచింది కూడా. ప్రతిసారీ రత్నం ఓపిగ్గా విని, ఆమెని ఓదార్చి పంపాడు. ఆమె రానందుకు క్షమించానని మాట మాటకీ చెప్పాడు. ఆ మంచితనం ముందు ఏ నినాదం ఎత్తాలో ఆమెకి తెలియలేదు. శత్రువు మీదికి ఎత్తేవే ఆమెకి వచ్చు.

తప్పు రత్నానిది కాదని తేలింది. వైద్యం సాగింది. చెయ్యి పూర్తిగా ముడుచుకోదని డాక్టరన్నాడు, స్టోర్లో కూర్చునే పనిచ్చారు. ప్రదీప్‌ని శిక్ష పేరుతో ఇంకో యార్డుకి, ఇంకో గ్యాంగు మీదికి పంపారు.

స్టోర్లో చేరిన పొద్దున్న రత్నం పూరీ గేట్ దగ్గరికొచ్చాడు. ఎడమచేతిలో సందేశ్ మిఠాయి డబ్బా, చుట్టూ జనపనార దారం బిగించి కట్టి ఉంది. గ్యాంగంతా మూగింది. గిరిబాబు తన జేబు తడుముకున్నాడు. పొద్దున్నే నడుం పట్టేయడం ఇష్టం లేక చెయ్యి తీసేశాడు.

"ఇందూ, నువ్వు కొయ్యి తల్లీ. నా సేత్తో అవదు," అన్నాడు రత్నం డబ్బా చాపుతూ.

ఇందు డబ్బా అందుకుంది. కుడిచెయ్యి కుర్తా జేబులోకి పోయింది. అల్యూమినియం పిడి చల్లగా తగిలింది. బొటనవేలు దానంతటదే బ్లేడు అంచు మీదికి చేరింది. రత్నం ఎదురుగా నిలబడి నవ్వుతున్నాడు.

ఆమె చెయ్యి ఉత్తిదే బయటికి తీసి, డబ్బాని మొహం దగ్గరికి లాక్కుని, దారాన్ని పళ్ళతో పట్టింది. నార మొండిగా ఉంది. చిగుళ్ళు కోసుకుంటున్నా వదలకుండా కొరికింది.

"అదేటి," అన్నాడు రత్నం. "కొత్త సాకు కొనుక్కున్నావు గదా. పల్లతో ఎందుకు?"

ఇందు ఇంకా కొరుకుతూనే ఉంది. నోటినిండా దారం ఉంది.